జమైకాలో తోటకూర

వేసవిలో 45 డిగ్రీల ఎండను ఉచితంగా అనుభవించిన విజయవాడ వాసి, ఆ ఎండ నుంచి తప్పించుకోవడానికి పరీక్షల మీద పరీక్షలు రాసి న్యూజెర్సీ చేరుకుని, అక్కడి మంచును పారతో ఎత్తిపోసి నడుము పట్టేసిన తరువాత, అదే సూర్యుణ్ణి 32 డిగ్రీల మోతాదులో చూసిరావడానికి వేల డాలర్లు చెల్లించి కరీబియన్ ద్వీపానికి బయలుదేరడాన్ని కొందరు అవివేకమంటారు. అలా అనేవారికి అభివృద్ధి అంటే ఏమిటో తెలియదు.

మా నాలుగు కుటుంబాల వాట్సాప్ బృందం ఈ కార్యాన్ని ఐదు నెలలుగా నిర్వహిస్తోంది. మొదట బార్బడోస్ అనుకున్నాం. 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 ప్రపంచ కప్పు గెలిచిన మైదానంలో, రోహిత్ శర్మ చిటికెడు మట్టి నోట్లో వేసుకున్న చోటును పిల్లలకు చూపించాలన్నది ఉద్దేశం. అయితే ఆ వెంటనే బెరిల్ తుపాను వచ్చి విమానాశ్రయం మూతపడిందని, జట్టంతా హోటల్లోనే చిక్కుకుపోయిందని మా బావగారు గుర్తుచేశారు. "కప్పు తెచ్చేవాళ్లకే వెంటనే విమానం దొరకలేదు, మనకెవరు పంపుతారండీ?" అన్న ఆయన ప్రశ్నకు నేటివరకూ సమాధానం రాలేదు. అక్కడ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. పిల్లల సెలవులు, టికెట్ల తగ్గింపు, గాలివాన కలిసే వస్తాయి. అందుచేత, అదే తుపానుల దారిలో ఉన్నప్పటికీ కొంత చవకగా వస్తున్న జమైకాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం.

జమైకా వెళ్లడం మన పాస్‌పోర్టుకు పెద్ద కష్టం కాదు. తిరిగి రావడమే కష్టం. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారు, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరిపోయినా, కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోగా వస్తే, నిబంధనలకు లోబడి అమెరికా రానిస్తుంది. చుట్టుపక్కల ద్వీపాల విషయంలో ఆ వెసులుబాటు విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాలకు మాత్రమే ఉంది. అంటే చదువుకునే తమ్ముడు ఈతకొట్టి రావచ్చు. వాడి ఫీజు కట్టే అన్న మాత్రం ఒడ్డున, అదీ అమెరికా ఒడ్డున, కూర్చోవాలి. ఈ కారణంగా మా బృందంలో ఒక కుటుంబం తప్పుకుంది. ఫ్లోరిడా వెళ్లి అక్కడి నుంచే కరీబియన్‌ను చూస్తామన్నారు. భూగోళశాస్త్రం ఒప్పుకోకపోయినా మేము ఒప్పుకున్నాం.

ముందుచూపు లేకుండా ఆ ద్వీపానికి వెళ్తే ఏమవుతుందో కొలంబస్ చూపించాడు. ఇండియాకని బయలుదేరి ఆ సముద్రంలో తేలిన ఆ పెద్దమనిషి, తన నాలుగో యాత్రలో, 1503లో, పురుగులు తొలిచిన ఓడలతో జమైకా ఉత్తర తీరానికి చేరి ఏడాదిపాటు అక్కడే ఉండిపోయాడు. తిండి పెట్టీ పెట్టీ విసిగిన స్థానికులు మానేసేసరికి, 1504 ఫిబ్రవరి 29న చంద్రగ్రహణం ఉందని పంచాంగంలో చూసుకుని, దేవుడికి కోపం వచ్చి చంద్రుణ్ణి ఎర్రబరుస్తాడని బెదిరించి మళ్లీ భోజనం సంపాదించాడు. ఆయన దగ్గర పంచాంగం ఉంది కాని ఆవకాయ లేదు.

మేము ఆ తప్పు చేయం. గత శనివారం మా అక్కయ్య ఆవకాయను రెండు జిప్‌లాక్ సంచుల్లో పోసి, ఫాయిల్ చుట్టి, పాత చీర ముక్కతో మూటగట్టి, ఆ మూటనూ రైస్ కుక్కర్‌నూ పెట్టిన సూట్‌కేసును ఎత్తుకుని బరువు చూసే యంత్రం మీద నిలబడ్డారు. అందులోంచి తన బరువు తీసివేసి, మిగిలినది మాత్రమే బృందానికి ప్రకటించారు. జమైకాలో కరెంటు కూడా 110 వోల్టులే కాబట్టి కుక్కర్‌కు ప్రాణభయం లేదు.

ఇంతలో బావగారు ఒక ఇబ్బందికరమైన సమాచారం తెచ్చారు. జమైకావాసులు ఇష్టంగా వండుకునే కాలలూ అనే ఆకుకూర మన తోటకూర జాతిదేనట. వారి విందుల్లో కనిపించే మేక మాంసం కూర, 1845 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లిన భారతీయుల వెంట వెళ్లినదేనట. మనవాళ్లు అప్పుడు ఓడలో మోసుకెళ్లిన రుచి అక్కడే స్థిరపడి ఉండగా, మేము దాన్ని తప్పించుకోవడానికి అదే రుచిని విమానంలో మోసుకెళ్తున్నామన్నమాట. సమావేశం ఈ అంశాన్ని నమోదు చేసుకుని, ఆవకాయను అర కిలో పెంచింది.

ఇక రిసార్టులో చేతికి ప్లాస్టిక్ కంకణం కడతారు. కంకణం కట్టుకున్నవారు పొలిమేర దాటకూడదన్నది మన జాతరల్లోనూ ఉన్న నియమమే కనుక మాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. 1956 నాటి బీచ్ కంట్రోల్ చట్టం ప్రకారం జమైకా పౌరుడికి తన దేశపు సముద్రతీరం మీద సాధారణ హక్కు లేదు. దీనిపై అక్కడివారు కోర్టులకెక్కారు. ఈ సంగతి విని మా బృందంలో ఒకరు, బీచ్‌లో రద్దీ ఉండదన్నమాట, అని సంతోషించారు. అక్కడే పుట్టినవాడు గోడ అవతల నుంచి అలల చప్పుడు వింటాడు. మేము గోడ ఇవతల బిర్యానీకి ఎసరు పెడతాం.

చివరి ముసాయిదా నిన్న రాత్రి వచ్చింది. ఐదు రోజుల పట్టికలో నాలుగో రోజు మధ్యాహ్నం 3 నుంచి 4 వరకు "సముద్రం" అని ఉంది. పక్కనే బావగారు ఎర్ర అక్షరాలతో చేర్చారు: కుక్కర్ ఖాళీ అయితేనే.