‘మీ ఇష్టం సార్’ అన్నది ధర కాదు

నిరుడు వేసవిలో అమెరికా నుంచి తిరుపతికి వెళ్ళినప్పుడు ఒక పూట వీలు చేసుకుని శ్రీకాళహస్తికి పోయి, గుడికి నాలుగు వీధుల అవతల ఒక మిద్దె మీద ఆరేసి ఉన్న కలంకారీ గుడ్డను కొన్నాను. రెండు మీటర్ల పొడవున నడుమ ఒక కల్పవృక్షం, దాని కొమ్మల మీద చిలుకలు, అంచు వెంబడి హంసల వరుస. ఆ హంసల్లో ఏ రెండింటి మెడవంపూ ఒక్కలాగా లేదు. దానిని గీసింది శిక్షణ ముగింపుకు వచ్చిన ఒక విద్యార్థిని. వెల ఎంతమ్మా అని అడిగితే గోడవైపు చూస్తూ, “మీ ఇష్టం సార్, ఎంతైనా ఇయ్యండి” అన్నది. మూడు వేలు ఇద్దామనుకున్నవాణ్ణి మరో ఐదు వందలు కలిపి 3,500 రూపాయలు చేతిలో పెట్టి, ఒక కళాకారిణిని ఆదుకున్నానన్న తృప్తితో కారెక్కాను.

ఆ తృప్తి రేణిగుంట దాకా కూడా నిలవలేదు. బయలుదేరే ముందు మాటల సందర్భంలో ఎన్నాళ్ళు పట్టిందని అడిగితే 12 రోజులని, గుడ్డకూ రంగులకూ 700 దాకా అయిందని చెప్పింది. 3,500లో 700 పోగా మిగిలింది 2,800. 12 రోజులకు పంచితే రోజుకు 233 రూపాయలు. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. అంటే చెరువులో పూడిక తీసినా ఆ అమ్మాయికి నా ఔదార్యం కంటే ఎక్కువే ముట్టి ఉండేది.

ఆ 12 రోజుల్లో ఏమి జరుగుతుందో మనలో చాలామందికి తెలియదు కనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెడతారు. పాలలోని కొవ్వు పట్టిన గుడ్డ మీద సిరా పక్కకు పాకదు. చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో ముందు రూపురేఖలు గీసుకుంటారు. తరువాత వెదురు పుల్లకు చుట్టిన ఉన్నినో గుడ్డనో దారంతో బిగించి చేసిన కలాన్ని కసిమిలో ముంచి, వేళ్ళతో ఒత్తుతూ గీత మీద గీత నడిపిస్తారు. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి వారాల తరబడి పులియబెడితే వచ్చే ఆ కసిమి కలంలో ఉన్నంతసేపు వెలవెలబోతూ ఉండి, గుడ్డలోని కరక్కాయ తగిలిన తరువాతనే నల్లబడుతుంది. అందుచేత గీసేవారు తాము గీసిన గీతను కొంత ఊహించుకుంటూనే ముందుకు సాగాలి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, ఆరనిచ్చి, ఎర్రరంగు చెక్కలతో కలిపి ఉడకబెడితే పటిక ఉన్నంత మేరకే ఎరుపు పడుతుంది. ఆపైన పారే నీటిలో జాడించాలి. స్వర్ణముఖిలో నీళ్ళు పారేది ఏడాదిలో కొన్నాళ్ళే కాబట్టి మిగతా కాలమంతా బోరు నీళ్ళే దిక్కు. మళ్ళీ పాలు, మళ్ళీ ఎండ, పసుపుకు ఒక పూత, నీలానికి మరొకటి. నడుమ ఒక్క వాన చినుకు పడినా, పటిక ఒక్క బొట్టు పక్కకు జారినా, ఆ చిలుక ముక్కు ఉండవలసిన చోట ఎర్రటి మచ్చ మిగులుతుంది. పాడైన గుడ్డల ఖర్చును ఆ అమ్మాయి నాకు చెప్పిన లెక్కలో వేయనే లేదు.

అంత ఓర్పుతో పనిచేసే మనిషి వెల చెప్పవలసిన చోట ఎందుకు తడబడుతుంది? దానిని మనం వినయమనుకుని మురిసిపోతాము. నాకు తోచినంతలో అది వినయం కాదు, నేర్పని పాఠం. చిత్తూరు, తిరుపతి జిల్లాలకు కళ నేర్పే చోట్లు కొత్త కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో ప్రారంభించిన సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ తిరుపతిలోనే ఉంది. రాతి శిల్పం, లోహ శిల్పం, కొయ్య చెక్కడం, సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ అక్కడ నేర్పుతారు. శ్రీకాళహస్తికి దగ్గరలోని మాధవమాలలో కొయ్య చెక్కే కుటుంబాలున్నాయి, పలమనేరులో మట్టిబొమ్మల పనివారున్నారు. వీరందరి చేతికీ ఉలి పట్టడం, కలం పట్టడం, సారె తిప్పడం గురువు నేర్పుతాడు. పనికి రోజులెన్ని, రోజుకు కూలి ఎంత, పాడైనదాని భారం ఎవరి మీద వేయాలి, బేరమాడేవాడికి ఏమని బదులివ్వాలి అన్నవి మాత్రం ఎవరికి వారే దెబ్బలు తిని నేర్చుకోవాలి. కంప్యూటరు ముందు కూర్చునే డిజైన్ విద్యార్థుల పరిస్థితీ ఇంతకంటే మెరుగు కాదు. తిరుపతిలో ఫ్లెక్సీ దుకాణాలలోనో శుభలేఖల దుకాణాలలోనో చేరిన పిల్లలు పగలంతా అక్షరాలు పేర్చి, “ఒక్క చిన్న మార్పు” అన్న మాట రాత్రి పది గంటలకు కూడా వింటారు. ఎన్ని మార్పులకు ఎంత అన్న కాగితం ఏ వైపునా ఉండదు.

డబ్బు మాట ఎత్తితే కళ మైలపడుతుందని వాదించేవారికి శ్రీకాళహస్తి చరిత్రే సమాధానం. అక్కడివారు వ్రాతపని అని పిలుచుకునే ఈ విద్య ఆలయాల ఆదరణతో, అంటే గుడికి కట్టే తెరలకూ రథాల అలంకరణకూ వచ్చిన పనితో బతికింది. ఆ పని తగ్గినప్పుడు విద్యా తగ్గి, గత శతాబ్దం నడిమికి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందే మిగిలారు. 1950లలో చేతివృత్తుల పునరుద్ధరణకు నడుం కట్టిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసిన తరువాతనే కొత్త చేతులు తయారయ్యాయి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి వంటివారు ఆ పరంపరను నిలబెట్టారు. శ్రీకాళహస్తి కలంకారీకి ఫలానా ఊరి సరుకని చాటే భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు పత్రం గోడకు వేలాడుతుంది, బియ్యం మాత్రం అంగడి నుంచే రావాలి.

ఇక మన సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ వ్యాసం రాస్తున్నది ఊళ్ళోవారిని తప్పుపట్టడానికి కాదు. అమెరికాలోని మా తెలుగు సంఘం ఏటా వేసే ఉగాది సంచిక ముఖచిత్రాన్ని నాకు తెలిసి ఆరేళ్ళుగా తిరుపతి వైపు విద్యార్థులతోనే గీయిస్తున్నాము, ఒక్కసారీ డబ్బివ్వలేదు. “మీ పేరు వేస్తాము, అమెరికాలో అందరూ చూస్తారు” అని రాసిన ఉత్తరాల్లో రెండు నావే. ఒక ఏడాది సంఘానికి కొత్త చిహ్నం కావాలని పోటీ పెట్టి, వచ్చినవాటిలో ఒకదానికి చిన్న బహుమతి ఇచ్చి, మరొక విద్యార్థి పంపిన అంచు నమూనా బాగుందని దానిని వేదిక తెర మీద అచ్చు వేయించుకున్నాము. ఆ అబ్బాయికి ఆ సంగతి ఫోటోలు చూసినప్పుడు తెలిసింది. అదే వేడుకకు హాలుకు ముందే సగం కట్టాము, సౌండు సిస్టం వారితో ఒప్పందం రాసుకున్నాము, బిర్యానీకి తలకింత అని లెక్కకట్టాము. ఒప్పందం లేకుండా, అడ్వాన్సు లేకుండా, కృతజ్ఞతతోనే సరిపెట్టినవారు ఆ సాయంత్రం మొత్తానికీ బొమ్మలు వేసినవారొక్కరే.

ఇందులో మర్యాదతో పాటు చట్టం కూడా ఉంది. దానిని విద్యార్థులకు ఎవరూ చెప్పరు కనుక ఇక్కడ రాస్తున్నాను. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సృష్టించినవారే సాధారణంగా మొదటి హక్కుదారులు. అయితే 17వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది: ప్రతిఫలం ఇచ్చి ఒకరు వేయించుకున్న వర్ణచిత్రానికి, వేరే ఒప్పందం లేని పక్షంలో, వేయించుకున్నవారే మొదటి హక్కుదారులవుతారు. అంటే డబ్బు పుచ్చుకుని కాగితం రాసుకోని చిత్రకారుడు కాన్వాసుతో పాటు హక్కును కూడా ఇచ్చేసినట్లే. హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా సంతకంతో చేయాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం చేసుకోవాలి. హక్కులు అమ్ముకున్నా, ఆ పని తనదని చెప్పుకునే అధికారం 57వ సెక్షన్ కింద రచయితకూ చిత్రకారుడికీ మిగిలే ఉంటుంది.

చీరలకూ దుపట్టాలకూ నమూనాలు గీసే పిల్లలు ముఖ్యంగా తెలుసుకోవలసినది అదే కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన నమూనాను నమోదు చేయకుండా వదిలేసి, దానిని హక్కుదారు గానీ హక్కుదారు అనుమతితో మరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువులపై వేస్తే, ఆ నమూనా మీద కాపీరైట్ ఆగిపోతుంది. మన విద్యార్థిని హంసల వరుసను ఒక వ్యాపారి మొదట ఒక చీరకని తీసుకుని, ఆమె “సరే సార్” అన్న ఒక్క మాట ఆధారంగా వంద చీరలకు అచ్చు వేయించాడనుకుందాము. 51వ చీర దగ్గర ఆమె చేతిలోంచి జారిపోయేదేమిటో ఆమెకు ఎవరు చెప్పాలి? 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే మొదట పదేళ్ళు, పొడిగించుకుంటే మరో అయిదేళ్ళు రక్షణ ఉంటుంది. అచ్చు గుడ్డల మీద నాకు పగ లేదు. చేత్తో గీసిన చీర అందరూ కొనలేరు, నమూనాను అచ్చుకు అద్దెకిచ్చి విద్యార్థి కూడా సంపాదించుకోవచ్చు. అచ్చు వేసినదాన్ని చేత్తో గీసినదిగా నమ్మించి అమ్మడమే తగదు.

మన మధ్య తరచూ వినిపించే ఉపాయం ఉపకారవేతనం. అది మంచిదే, కానీ ఫీజు కట్టించిన మనమే చదువు ముగిసిన మరునాడు ఉచితంగా పోస్టరు అడిగితే ఇచ్చిన చేత్తోనే తీసుకున్నట్లవుతుంది. ప్రభుత్వ పథకాలూ అన్ని చోట్లకూ అందవు: చేతివృత్తులవారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పులు, కుమ్మరులు, బొమ్మలు చేసేవారు ఉన్నారు గాని కలంకారీ ఆ జాబితాలో లేదు. అందుచేత మన సంఘాల వంటి కొనుగోలుదారులు చేయగలిగినది మనకు ఎటూ కావలసిన పనికి వెల కట్టి కొనడం. సంచిక ముఖచిత్రం, వేదిక తెర, జ్ఞాపికలు, ఆహ్వానపత్రికలు, బడి పిల్లల తెలుగు వాచకాలకు బొమ్మలు, ఇవన్నీ ఏటా తప్పనివి. వీటికి బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకుని, పని మొదలుపెట్టే ముందు సగం పంపి, రెండు మార్పుల తరువాత ప్రతి మార్పుకూ రుసుము ఉంటుందని ఒప్పుకుని, చిత్రాన్ని ఒక్కసారి అచ్చు వేసుకునే అనుమతి మాత్రమే తీసుకుని హక్కును గీసినవారి దగ్గరే ఉంచితే, ఆ ఒక్క పేజీ ఒప్పందపత్రమే విద్యార్థికి తరువాతి గిరాకీ ముందు పెట్టడానికి నమూనా అవుతుంది. తిరుపతిలో హోటళ్ళకూ దుకాణాలకూ పని చేసేవారు చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ‘ఉద్యం’ నమోదు చేసుకోవడం మేలు, అది ఉచితం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం అలా నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు, పెడితే వడ్డీ కట్టాలి.

వస్తువులే తెప్పించుకుందామనేవారు ఒక సంగతి గమనించాలి. 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. గుడ్డ మీది బొమ్మకు సుంకం పడవచ్చు గాని, దాన్ని అచ్చు వేసుకునే అనుమతి ఫైలుగా వస్తే ఏ పార్సెలూ దాటించనక్కరలేదు. దూరాన ఉన్న మనకు ఆ విద్యార్థులతో తేలికగా సాగే వ్యాపారం అదే.

వెలలు పెరిగితే కొనేవారు తగ్గిపోరా అని మా కోశాధికారి అడిగారు. కొందరు తగ్గుతారు. రోజుకు 233 రూపాయలకు పది గుడ్డలు అమ్మినవారికంటే, సరైన కూలికి నాలుగు అమ్మినవారే మరుసటి ఏడాది కూడా కలం పట్టే అవకాశం ఎక్కువని నా అంచనా.

ఆ మిద్దె మీది అమ్మాయికి తరువాత ఫోన్ చేసి, నేను ఇవ్వవలసిన మిగతా సొమ్ము పంపుతాను, లెక్క నువ్వే చెప్పాలన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. “మా ఊర్లో అడిగేదానికి మొగమాటంగా ఉంటాది సార్” అన్నది చివరికి. రోజు కూలి, సామగ్రి, పాడైన గుడ్డల వాటా రాసుకోవడానికి ఒక కాగితం తీసుకోమన్నాను. రెండు రోజులకు లెక్క వచ్చింది, పంపాను. రాబోయే ఉగాది ముఖచిత్రానికి ఆమెనే అడిగాము. ఈసారి వెంటనే జవాబు వచ్చింది: 18,000 రూపాయలు, సగం ముందు, రెండు మార్పుల వరకు, ఒక్క సంచికకే అనుమతి, చిత్రం పక్కన పేరు. కొంచెం తగ్గిస్తుందేమో కనుక్కోమని కోశాధికారి అన్నారు. నేను కనుక్కోలేదు, సోమవారం 9,000 పంపాము.