అవి రెండు జాతులు కావు, ఒకే జాతి ఆడా మగా

కడప దగ్గర పాలకొండల్లో తీసిందంటూ ఒక ఫోటో గ్రూపుల్లో తిరుగుతోంది. నల్ల రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలున్న సీతాకోకచిలుక ఒకటి, నల్ల అంచుల నారింజ రంగుది ఒకటి, పొట్ట కొసలు కలిపి ఆకు మీద వాలి ఉన్నాయి. 'రెండు వేరే జాతులు జత కట్టాయి, కొత్త జాతి పుట్టబోతోంది' అని కింద రాశారు. మా ఇంట్లో పిల్లలు దీన్ని స్కూల్లో చెప్పడానికి సిద్ధమయ్యారు. అందుకే రాస్తున్నాను.

రంగులు వేరు కాబట్టి జాతులు వేరన్నది మొదటి మాట. నారింజ రంగుదాన్ని ప్లెయిన్ టైగర్ అనే వేరే జాతి సీతాకోకచిలుక అనుకున్నారు. ఫోటో పెద్దది చేసి వెనక రెక్క చూడండి. ప్లెయిన్ టైగర్‌కు అక్కడ మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి. దీనికి పై అంచు దగ్గర ఒక్కటే ఉంది. ప్లెయిన్ టైగర్ తల, రొమ్ము నల్లగా ఉండి, ముగ్గుపిండి చల్లినట్టు తెల్ల చుక్కలుంటాయి. ఇక్కడ అవీ లేవు. ఇది డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే జాతిలో ఆడది, నల్లది అదే జాతి మగది. జిల్లేడు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్ ఒంట్లో విషముంటుందని పిట్టలు ముట్టవు. దానిలా కనిపించే వేషంతోనే ఈ ఆడది ప్రాణం కాపాడుకుంటుంది.

పొరపాటు పడటంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన పెరటి కరివేపాకు మీద పెరిగే కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుకలో ఆడవి మూడు రూపాల్లో ఉంటాయి. 1758లో, జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటివాడే ఆ ఒక్క జాతికి రెండు పేర్లు పెట్టి రెండు జాతులుగా రాశాడు.

కొత్త జాతి పుడుతుందన్నది రెండో మాట. వేరే జాతులు అసలు కలవవని నేను అనను, అరుదుగా కలుస్తాయి. కానీ చాలాసార్లు ఆ గుడ్లు పొదగవు, పొదిగినా పుట్టినవి, ముఖ్యంగా ఆడవి, బతకకపోవడమో గొడ్డుపోవడమో జరుగుతుంది. ఒక్క కలయికతో జాతి పుట్టదు.

ఇక వంక గట్టున తడి మట్టి మీద రకరకాలవి పక్కపక్కన వాలిన ఫోటోలను కూడా ఇదే కథతో పంపుతున్నారు. అవి ఉప్పు పీల్చుకోవడానికి చేరినవి, అంతే.

నిజంగా అనుమానమొస్తే జంటను విడదీయొద్దు. పొట్ట కొసలు కలిసిన చోటు, రెండింటి రెక్కల పైభాగం, అడుగుభాగం విడివిడిగా ఫోటో తీయండి. ఓపికుంటే ఆడది ఎక్కడ గుడ్డు పెడుతుందో గమనించండి. ప్లెయిన్ టైగర్ అయితే జిల్లేడు వెతుక్కుంటూ పోతుంది. ఈ ఫోటోలోది గంగపాయలాకు దగ్గర వాలుతుంది.