అణుబాంబు పడ్డాక వినదగిన ప్రేమగీతాలు

2077 అక్టోబర్ 23న అమెరికా, చైనా ఒకదాని మీద ఒకటి అణుబాంబులు వేసుకుంటాయి. రెండు గంటల్లో అంతా అయిపోతుంది. ఫాల్‌అవుట్ అనే వీడియో గేమ్ సిరీస్ 1997 నుంచీ ఈ భవిష్యవాణి వినిపిస్తోంది. ఆ తర్వాత ప్రభుత్వాలుండవు, బ్యాంకులుండవు, డబ్బుకు బదులు సీసా మూతలు చెల్లుతాయి. బీడు నేలల మీద రెండు తలల ఆవులు మేస్తుంటాయి. ఆ ఆవుల్ని అక్కడివాళ్ళు 'బ్రాహ్మిన్' అంటారు. 2008లో ఈ సిరీస్ మూడో భాగాన్ని మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రం మీద మన దేశంలో విడుదల చేయకుండా ఆపేసింది. సాంస్కృతిక మనోభావాల దృష్ట్యా అని చెప్పింది తప్ప, ఏ మనోభావమో, ఎవరిదో విడమరచలేదు. ఆవు సంగతే అయివుంటుందని చాలామంది అనుకున్నారు.

మనోభావాల మీద అంత శ్రద్ధ పెట్టిన పెద్దలు పాటల జోలికి మాత్రం వెళ్ళలేదు. అసలు ప్రమాదం అక్కడే ఉందని ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేస్తున్నాడు.

విషయం ఏమిటంటే, ఆ ప్రళయంలో అన్నీ పోయాక కూడా రేడియో పోదు. మూడో భాగం జరిగేది 2277లో. కూలిపోయిన వాషింగ్టన్ నగరంలో, త్రీ డాగ్ అనే పేరు పెట్టుకున్న ఒక యాంకరు మైకు ముందు కూర్చుని మధ్యమధ్య కుక్కలా ఊళ వేస్తూ పాటలు వేస్తుంటాడు. వేళ్ళ కణుపులు లెక్కపెడితే అయిపోయేన్ని పాటలు. తిప్పి తిప్పి అవే. పాతకాలపు జాజ్ గాయని బిల్లీ హాలిడే అయ్యాక ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, ఆమె అయ్యాక రాయ్ బ్రౌన్, మళ్ళీ బిల్లీ హాలిడే. బయట రాక్షస తేళ్ళు తిరుగుతుంటాయి. వినేవాడు ఒక్కడు కూడా "అన్నా, వేరే పాట లేదా" అని అడగడు. మన జనరంజనిలో ఒకే పాట వారంలో రెండుసార్లు వస్తే ఉత్తరాలు రాసిన జాతి మనది. అందుకే ఆ అమెరికన్ల ఓర్పును మెచ్చుకోకుండా ఉండలేం.

ఆ పాటల్లో ముఖ్యమైనది 1941 నాటిది. అంటే త్రీ డాగ్ దాన్ని వేసేనాటికి దాని వయసు 336 ఏళ్ళు. ఇదే లెక్కన మనం ఇవాళ వెనక్కి వెళితే క్షేత్రయ్య పోయిన రోజులకు చేరతాం. హైదరాబాదులో ఏ ఎఫ్ఎం పెట్టినా ఉదయం ట్రాఫిక్ వార్తల మధ్య మువ్వగోపాల పదాలు తప్ప ఇంకేవీ రాని పరిస్థితి ఊహించుకోండి. కొందరికి అది స్వర్ణయుగంలా అనిపిస్తుంది. ఆ కొందరే ఫాల్‌అవుట్ పాటల ఎంపిక కమిటీలో ఉన్నట్టున్నారు.

ఆ 1941 పాట ఇంక్ స్పాట్స్ అనే నలుగురు నల్లజాతి గాయకుల బృందానిది. 'ఐ డోంట్ వాంట్ టు సెట్ ద వరల్డ్ ఆన్ ఫైర్'. లోకానికి నిప్పంటించాలన్న కోరిక నాకు లేదు, నీ గుండెలో ఓ చిన్న మంట రాజేస్తే చాలు అని ఒక ప్రేమికుడి విన్నపం. మూడో భాగం మొదలవగానే తుక్కయిపోయిన ఒక బస్సులో రేడియో ఇది పాడుతుంటుంది. మెల్లగా కెమెరా వెనక్కి జరిగితే, లోకానికి అప్పటికే నిప్పంటించేశారని తెలుస్తుంది. చాలా గొప్పగా ఉంటుంది, అబద్ధం ఎందుకు. మొదటి భాగం తీసినవాళ్ళు కూడా 1997లో ఇదే పాట కావాలనుకున్నారు. హక్కులు దొరకలేదు. దాంతో అదే బృందం 1940లో పాడిన 'మేబీ'తో సరిపెట్టుకున్నారు. అణుయుద్ధాన్ని తట్టుకుని నిలిచిన పాట పదకొండేళ్ళ పాటు లైసెన్సును దాటలేకపోయింది.

నిజానికి 'మేబీ' పెట్టినా తేడా ఎవరికీ తెలియలేదు. దానికి కారణం ఇంక్ స్పాట్స్ కనిపెట్టిన మహత్తర పద్ధతి. గిటారు ఎప్పుడూ అవే నాలుగు మెట్లతో మొదలవుతుంది. బిల్ కెన్నీ సన్నని, ఎత్తైన గొంతుతో పల్లవి మొత్తం పాడతాడు. తర్వాత హాపీ జోన్స్ బావిలోంచి వచ్చినట్టున్న లోతైన గొంతుతో అవే మాటల్ని పాడకుండా, తీరిగ్గా, నడుమ "హనీ" అని తగిలిస్తూ మాట్లాడతాడు. మళ్ళీ కెన్నీ. 1939లో ఈ పద్ధతి మీద ఒక పాట విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత వాళ్ళు దాన్ని మార్చాల్సిన అవసరం కనబడలేదు. 1944లో జోన్స్ చనిపోయాడు, కొన్నాళ్ళకు బృందం చీలింది. ఆపైన 'మేమే అసలు ఇంక్ స్పాట్స్' అంటూ పదుల కొద్దీ బృందాలు దశాబ్దాల పాటు దేశమంతా తిరిగాయి. ఫాల్‌అవుట్ మూడో భాగంలో ఒక బంకరు నిండా గ్యారీ అనే ఒకే మనిషి నకళ్ళు ఉంటాయి. వాళ్ళకు "గ్యారీ" తప్ప ఇంకో మాట రాదు. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో గేమ్‌వాళ్ళు చెప్పలేదు. నాకు మాత్రం అనుమానం ఉంది.

ఇక సూత్రానికి వద్దాం. వీడియో గేముల్లో పాట ఎంత తియ్యగా ఉంటే రక్తం అంత ఎక్కువ పారుతుంది. ట్రంపెట్లు, శాక్సఫోన్లు హుషారుగా మోగుతుంటే మీ వెనక ఎవడో గొడ్డలితో ఉన్నాడని అర్థం. ఆడపిల్ల గొంతు మెత్తగా వినబడితే తలుపు తియ్యకండి. 1930ల్లో, 40ల్లో వేలమంది కుర్రకారు వారాంతాల్లో డాన్సు హాళ్ళలో చెమటలు కారేలా గెంతడానికి పుట్టిన సంగీతం స్వింగ్. దాని ఇప్పటి ఉద్యోగం అపాయ సూచన. రైల్వేగేటు దగ్గర గంటకున్న హోదా దీనికి దక్కింది.

ఈ సూత్రానికి ప్రామాణిక గ్రంథం 2007 నాటి బయోషాక్. ఆండ్రూ రయన్ అనే కోటీశ్వరుడు ప్రభుత్వాల పీడ, పన్నుల పీడ, దేవుడి పీడ లేకుండా 1946లో అట్లాంటిక్ సముద్రం అడుగున రాప్చర్ అనే నగరం కడతాడు. పైలోకంతో ఏ సంబంధమూ ఉండకూడదని శాసనం. మనం అక్కడికి దిగేది 1960లో. అప్పటికి ఊరంతా ఒకరినొకరు నరుక్కుని, నీళ్ళు కారుతూ ఉంటుంది. కారుతున్న ఆ నీళ్ళ మధ్య ప్యాటీ పేజ్ పాట వినబడుతుంది, కిటికీలో ఉన్న ఆ బుజ్జి కుక్కపిల్ల ధర ఎంత అని. పాట చాలా బాగుంటుంది. ఇబ్బంది తేదీతోనే. అది 1953 పాట. అదే గేమ్‌లో వినిపించే బాబీ డారిన్ 'బియాండ్ ద సీ' 1959లో విడుదలైంది. రాప్చర్‌లో అంతర్యుద్ధం మొదలైంది 1958 డిసెంబర్ 31 రాత్రి.

పైలోకంతో సంబంధం పెట్టుకుంటే ఉరి తీసే ఊళ్ళోకి, అంతర్యుద్ధం నడుస్తుండగా, కొత్త రికార్డు ఎలా దిగింది? ఫాంటైన్ అనే స్మగ్లరు బైబిళ్ళు దొంగతనంగా దింపేవాడని గేమ్‌లోనే సాక్ష్యం ఉంది. కుక్కపిల్ల పాట కూడా అదే పెట్టెల్లో వచ్చి ఉండాలి. స్వేచ్ఛా విపణి మీద నమ్మకంతో కట్టిన నగరం చివరికి దొంగ సరుకుగా వచ్చిన పాట వింటూ మునిగిపోయింది. అర్థశాస్త్రం విద్యార్థులు ఎవరైనా దీని మీద పరిశోధన చేయాలి.

మాఫియా అనే ఇంకో గేమ్ రెండో భాగంలో తప్పు ఇంతకంటే ముదిరింది. 1945 ఫిబ్రవరిలో కథానాయకుడు యుద్ధం నుంచి మంచు కురుస్తున్న ఊరికి తిరిగొస్తాడు. డీన్ మార్టిన్ 'లెట్ ఇట్ స్నో' పాడుతుంటాడు. మార్టిన్ ఆ పాట రికార్డు బయటికొచ్చింది 1959లో. అది కూడా పోనివ్వండి, అసలు ఆ పాట రాసిందే 1945 జులైలో, హాలీవుడ్ ఎండలకు మాడిపోతూ. అంటే ఆ ఫిబ్రవరికి పాట ఇంకా పుట్టలేదు. గేమ్‌లో పోలీసులు మీ స్పీడు ఎక్కువైతే వెంటపడి, ఆపి జరిమానా వేస్తారు. కాలాన్ని దాటి వచ్చిన పాటను మాత్రం పట్టించుకోరు.

ఇంతకీ ఆ పాటలను ఎందుకు ఎంచుకుంటారు? అడిగితే ఒకటే జవాబు. అవి అమాయకమైన రోజుల పాటలట. ఆ అమాయకత్వం పక్కన హింసను పెడితే బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుందట. ఈ అమాయకత్వం గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి.

ఫాల్‌అవుట్ నాలుగో భాగంలో రేడియో పెడితే డామినోస్ బృందం 1951లో పాడిన 'సిక్స్టీ మినిట్ మ్యాన్' వస్తుంది. లోతైన గొంతున్న ఒకాయన, తాను గంటసేపు అలసిపోకుండా చేసే పని గురించి, ఆ గంటలో ఏ పావుగంటకు ఏం చేస్తాడో లెక్కలతో సహా ఆడవాళ్ళకు వివరిస్తాడు. ఆ పని పొలం దున్నడం కాదు. కొన్ని రేడియో స్టేషన్లు దీన్ని వేయం పొమ్మన్నాయి. అయినా పద్నాలుగు వారాలు రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానంలో కూర్చుంది. మూడో భాగంలో రాయ్ బ్రౌన్ పాడే 'బుచర్ పీట్' ఇంకా ఘనమైనది. ఊళ్ళో ఒక కసాయి ఆడవాళ్ళ మాంసం కొడుతూ తిరుగుతుంటాడు. గేమ్ ఆడే కుర్రాళ్ళు అది హంతకుడి పాట అనుకుని, ఎదుట వచ్చినవాడి తల నరుకుతూ ఆనందంగా వింటారు. పాపం పీట్ ఎవరినీ చంపలేదు. అతను ఏం చేశాడో ఆ రోజుల్లో ఆ పాట విన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. క్షేత్రయ్య పదాల్లో చివర గోపాలుడి పేరుంది కదా అని వాటిని భక్తి ఖాతాలో వేసుకున్న మనకు ఈ మాయ కొత్తేమీ కాదు. అమెరికావాళ్ళకు గోపాలుడు దొరకలేదు. రికార్డు మీద గరగర శబ్దం ఉంటే చాలు, పాట పవిత్రమైపోతుంది.

అమాయకమైన రోజులు ఎవరికి అన్నది ఇంకో చిక్కు. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1949 జూన్ దాకా నల్లజాతివాళ్ళ పాటల జాబితాకు 'రేస్ రికార్డ్స్' అని పేరు పెట్టింది. ఆ జూన్‌లోనే దాన్ని 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చారు. పాటలు అవే, పాడినవాళ్ళు వాళ్ళే, వాళ్ళకు గది ఇవ్వని హోటళ్ళూ అవే. రాయ్ బ్రౌన్ 1947లో 'గుడ్ రాకింగ్ టునైట్' రాసి పాడాడు. మరుసటి ఏడు వైనోనీ హారిస్ పాడితే అది ఇంకా పెద్ద హిట్టయింది. 1954లో ఎల్విస్ ప్రెస్లీ పాడాడు. రాయల్టీలు రావడం లేదని బ్రౌన్ తన రికార్డు కంపెనీ మీద కేసు వేసి గెలిచాడు. ఆ గెలుపు అన్నం పెట్టలేదు. తర్వాత్తర్వాత ఇంటింటికీ తిరిగి ఎన్‌సైక్లోపీడియాలు అమ్ముకున్నాడు. 1981లో చనిపోయాడు. ఇప్పుడు ఆయన గొంతు వాషింగ్టన్ శిథిలాల్లో లక్షలమంది చెవుల్లో మోగుతోంది, పాత రోజుల నిష్కల్మషానికి గుర్తుగా.

పోనీ బాంబు గురించిన పాటలైనా గేమ్‌వాళ్ళు కల్పించారేమో అనుకుంటారు కొందరు. అదీ లేదు. 1955లో ఎల్టన్ బ్రిట్ యురేనియం జ్వరం మీద పాట పాడాడు. అప్పట్లో నిజంగానే జనం రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్లు పట్టుకుని ఉటా ఎడారుల్లో యురేనియం తవ్వుకుని కోటీశ్వరులు కావాలని తిరిగారు. 1957లో ఫైవ్ స్టార్స్ అనే బృందం వాళ్ళు తమ ప్రియురాలిని అణుబాంబుతో పోల్చి పొగిడారు. ఇవి నిజంగా అచ్చయి, నిజంగా అమ్ముడైన రికార్డులు. గేమ్ రాసేవాళ్ళు ఇలాంటివి కల్పించి ఉంటే, మరీ అతి చేశారని విమర్శకులు కొట్టిపారేసేవాళ్ళు.

కొత్తగా బాణీలు కట్టి బతికిపోయినవాళ్ళూ ఉన్నారు. 2017లో వచ్చిన కప్‌హెడ్ అనే గేమ్ కోసం క్రిస్టఫర్ మాడిగన్ 1930ల పద్ధతిలో పెద్ద బ్యాండుకు సంగీతం రాసి, నిజమైన వాద్యకారులతో వాయింపించాడు. అక్కడ చనిపోయినవాళ్ళ గొంతులు అద్దెకు తీసుకోలేదు. గేమ్ మాత్రం ఆడేవాళ్ళను ఏడిపించేంత కష్టంగా ఉంటుంది, అంటే నా సూత్రం అక్కడా చెక్కుచెదరలేదు.

పాడినవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు, చాలామంది బతికి లేరు కాబట్టి. బతికున్న ఒకాయన మాత్రం ఊరుకోలేదు. 1961లో 'ద వాండరర్' పాడిన డియన్, తన పాటను ఫాల్‌అవుట్ నాలుగో భాగం ప్రకటనలో చంపుకోవడాలకు నేపథ్యంగా వాడారని 2017లో ఆ గేమ్ కంపెనీ మాతృసంస్థ మీద కేసు వేశాడు. పది లక్షల డాలర్లకు పైగా అడిగాడు. పాటలో కుర్రాడు ఊరూరా తిరుగుతూ ఊరికొక అమ్మాయిని ప్రేమించి వదిలేస్తుంటాడు. ప్రకటనలోవాడు ఊరూరా తిరుగుతూ కాల్చేస్తుంటాడు. ఇద్దరిలో ఎవడు మంచివాడన్న దానిపై ఆ అమ్మాయిల వాంగ్మూలం తీసుకున్నట్టు లేదు.

ఇక ఈ వ్యాసకర్త ఎంతో శ్రమపడి తేల్చిన ఒక చట్ట విషయం. 2018లో అమెరికా చేసిన చట్టం ప్రకారం పాత రికార్డుల మీద హక్కులు ఎప్పుడు చెల్లిపోతాయో స్పష్టంగా ఉంది. 1941 నాటి ఇంక్ స్పాట్స్ రికార్డు 2042 జనవరి 1న అందరిదీ అవుతుంది. 1947 నాటి రాయ్ బ్రౌన్ రికార్డు 2058లో. డియన్ రికార్డుతో సహా 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15కు ముందు దాకా వచ్చినవన్నీ 2067 ఫిబ్రవరి 15తో విముక్తమవుతాయి. బాంబులు పడేది 2077లో. కాబట్టి 2277లో త్రీ డాగ్ ఎవరికీ పైసా బాకీ లేడు, ఒక్క సీసా మూత కూడా చెల్లించక్కర్లేదు. మిగతావాళ్ళకు కూడా ఈ పాటలన్నింటినీ ఏ లైసెన్సూ లేకుండా, పక్కింటివాళ్ళకు వినపడేంత గట్టిగా పెట్టుకోవడానికి మధ్యలో పదేళ్ళ ఎనిమిది నెలల వ్యవధి ఉంది. డాన్సు కూడా చేయొచ్చు.