సాయం చేసే దేశానికి పల్లె తెలిసినవారు కావాలి

అరవై ఏళ్లకు పైగా అమెరికా సాయానికి మారుపేరుగా నిలిచిన యూఎస్ఎయిడ్ 2025 జులై 1తో చరిత్రలో కలిసిపోయింది. 1961లో కెన్నెడీ హయాంలో పుట్టిన ఆ సంస్థపై వేటు, ట్రంప్ రెండోసారి పదవి చేపట్టిన జనవరి 20నే పడింది. మార్చి వచ్చేసరికి 83 శాతం కార్యక్రమాలు రద్దు చేశామని అమెరికా విదేశాంగ మంత్రి ప్రకటించారు. జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న విదేశీ సాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి దించుతామని బ్రిటన్ చెప్పింది. ధనిక దేశాలు 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్య సమితి 1970లోనే తీర్మానించిన సంగతి వాషింగ్టన్‌లోనూ లండన్‌లోనూ ఇప్పుడు ఎవరికీ పట్టడం లేదు. ఆ సెగ హైదరాబాద్‌కూ తగిలింది. ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్ నిధులు ఆగి మూతపడింది. వేరే దాత ముందుకొచ్చాకే మరో పేరుతో మళ్లీ తెరుచుకుంది.

ఈ వార్తలన్నీ చూసి బెంగపడుతున్నవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. కాకతీయ విశ్వవిద్యాలయంలోనో హైదరాబాద్‌లోనో ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ), అర్థశాస్త్రం, గ్రామీణాభివృద్ధి చదివి, స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్లు తిరిగి, ఆపై ఐక్యరాజ్య సమితికో ప్రపంచ బ్యాంకుకో వెళ్లాలనుకునే పిల్లలు వాళ్లు. అమెరికా సాఫ్ట్‌వేర్ కొలువు, కాదంటే గ్రూప్స్ అనే రెండు దారులే తెలిసిన ఇళ్లలో ఈ మూడో దారిని ఒప్పించడమే గగనం. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయిందా అని వాళ్లు అడుగుతున్నారు. మూసుకుపోలేదు. అయితే అది వాషింగ్టన్ వైపు నుంచి ఢిల్లీ వైపు మళ్లింది. ఢిల్లీలో మాత్రం వాళ్లకు గుమ్మమే లేదు. మా ఆవేదన అదే.

భారత్ ఇవాళ సాయం పుచ్చుకునే దేశం మాత్రమే కాదు. 1964లో మొదలుపెట్టిన ఐటెక్ కార్యక్రమం కింద 160 దేశాల అధికారులకు శిక్షణ ఇస్తోంది. ఎగుమతి, దిగుమతుల (ఎగ్జిమ్) బ్యాంకు ద్వారా ఆఫ్రికా, ఆసియా దేశాలకు మంజూరు చేసిన రుణాలు మూడు వేల కోట్ల డాలర్లు దాటాయి. 2025-26 బడ్జెట్లో ఒక్క భూటాన్‌కే 2,150 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇంత సొమ్ము వెళ్తున్నప్పుడు దాన్ని ఎక్కడ, ఎలా ఖర్చు పెడితే పేదకు అందుతుందో తెలిసిన ప్రత్యేక సిబ్బంది ఉండాలి కదా? ప్రత్యేక సంస్థ పెట్టాలన్న ప్రతిపాదన 2007లోనే వచ్చింది. అది ముందుకు కదల్లేదు. చివరికి 2012లో విదేశాంగ శాఖలోనే అభివృద్ధి భాగస్వామ్య విభాగం ఏర్పాటు చేసి సరిపెట్టారు. దాన్ని నడిపేది ప్రధానంగా దౌత్యాధికారులే. ఒకరికి పని వంటబట్టేసరికి బదిలీ అవుతుంది, కొత్తగా వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. వారి సామర్థ్యాన్ని మేం శంకించడం లేదు. చెరువు కట్ట, పొదుపు సంఘం, పత్తి చేను గురించి నిర్ణయించడానికి వేరే అనుభవం కావాలంటున్నాం.

ఆ అనుభవం ఉత్తర తెలంగాణలో రాశులుగా పడి ఉంది. ప్రపంచ బ్యాంకు రుణంతో 2000లో మహిళా పొదుపు సంఘాల వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. ఆ తర్వాత వరంగల్, కరీంనగర్‌లకూ విస్తరించింది. ఆ సొమ్ము ఎవరూ ఊరికే ఇవ్వలేదు. అది అప్పు, తీర్చాల్సింది మనమే. కానీ ఆ క్రమంలో మన మహిళలు నేర్చుకున్న విద్య దేశానికే పాఠమైంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) నుంచి, సంఘాలు కట్టడం నేర్పే సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) మన సంఘాల ఆడవాళ్లు ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్లారు.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. నెలన్నర పాటు ఇల్లు విడిచి, భాష సగమే తెలిసిన ఊళ్లో మకాం. గడప గడపా తిరిగి పది మందిని చాప మీద కూర్చోబెట్టాలి. వారం వారం సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాయిదా, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలను ఒక్కొక్కటిగా పట్టించాలి. మొదటి రోజు ఎవరూ నోరు విప్పరు. అప్పుడామె తన సంగతి మొదలుపెడుతుంది. షావుకారు దగ్గర తాకట్టు పడిన పుస్తెలు సంఘం అప్పుతో ఎలా విడిపించుకున్నదీ, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో మొదటిసారి ఎలా కూర్చున్నదీ చెబుతుంది. వింటున్నవాళ్లలో ఒకామె తన అప్పు సంగతి ఎత్తుతుంది. సంఘం అక్కడ పుడుతుంది. అంతర్జాతీయ అభివృద్ధి కోర్సుల్లో రెండేళ్లు చెప్పే పాఠంలో సగం ఈ చాప మీద ఉంది. ఇదే విషయంపై నివేదిక రాసిన కన్సల్టెంటుకు డాలర్లలో ఫీజు ముడుతుంది. చేసి చూపించిన ఆమెకు గౌరవ వేతనంతో సరి. ఆ అనుభవానికి ఒక సర్టిఫికెట్ గానీ, పై మెట్టు గానీ మనం ఏర్పాటు చేయలేదు.

సాయం అందుకునేవారి మాట వినకపోతే ఏమవుతుందో కూడా ఈ నేలకు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బ్రిటన్ పెద్దఎత్తున నిధులిస్తున్న రోజుల్లో, 2001లో, మెదక్ జిల్లా అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' పేరుతో రైతుల జ్యూరీ కూర్చుంది. చిన్న, సన్నకారు రైతులు, వారిలోనూ ఎక్కువగా మహిళలు, రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 వ్యవసాయ ప్రణాళికను రోజుల తరబడి పరిశీలించారు. నిపుణులను ప్రశ్నించారు. సాగు నుంచి జనాన్ని తప్పించే యంత్రీకరణ, జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం వద్దన్నారు. భూమి, నీరు, విత్తనం తమ చేతిలోనే ఉండాలన్నారు. తీర్పు నివేదిక వెలువడ్డాక బ్రిటిష్ సహాయ శాఖ దాని నిష్పాక్షికతను ప్రశ్నించింది, పెద్ద రగడే జరిగింది. ఆ తీర్పులోని ప్రతి మాటతో ఏకీభవించాల్సిన పని లేదు. కానీ డబ్బిచ్చేవాడిని పుచ్చుకునేవాడు నిలదీయడం అప్పటికి అరుదైన సంగతి. రేపు మొజాంబిక్‌లోనో మలావీలోనో మన రుణంతో కట్టే కాలువ గురించి అక్కడి రైతు ఇలాగే నిలదీస్తే, అవతల కూర్చునే భారతీయుడికి అల్గోల్ గుర్తుండాలి.

పత్తి సంగతీ అంతే. అమెరికా సబ్సిడీలు తమ రైతును ముంచుతున్నాయని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు మొరపెట్టుకున్నాయి. ఆ దేశాలకు పత్తిలో సాంకేతిక సాయం చేసే కార్యక్రమాన్ని భారత్ 2012లో ప్రారంభించింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో తేమ శాతం పేరుతో ధర కోత పడితే ఏమవుతుందో కళ్లారా చూసిన యువకుడి కంటే ఆ పనికి తగినవారు ఎవరు?

ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులకు దాపరికం లేకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వరు. జెనీవాలో ఆర్నెల్లు సొంత ఖర్చుతో బతకగలిగినవారికే అది అందుతుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణలతో పెద్ద సంస్థలు చిన్న సంస్థలకు నిధులు పంచే వీలు పోయింది, పరిపాలన ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. జిల్లాల్లో తొలి ఉద్యోగం ఇచ్చేవి ఆ చిన్న సంస్థలే. ఓవర్సీస్ విద్యానిధి కింద రాష్ట్రం ఇచ్చే 20 లక్షలు సామాజిక శాస్త్రాలకూ వర్తిస్తాయి. అయితే డిగ్రీ కాగానే పరదేశం పరుగెత్తకుండా, ముందు రెండు మూడేళ్లు పల్లెలో పనిచేసి వెళ్తేనే ఆ చదువుకు విలువ. ఫ్రెంచ్ నేర్చుకోండి. పశ్చిమ ఆఫ్రికాలో పనికి, ఐక్యరాజ్య సమితి కొలువుకు అది నిజమైన పెట్టుబడి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో నేర్పుతారు.

మిగతాది ప్రభుత్వాల చేతిలో ఉంది. ఆఫ్రికా, ఆసియా అధికారులు ఐటెక్ కింద వచ్చి చదువుకునే రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు 2025-26 కేంద్ర బడ్జెట్లో కేటాయింపును నామమాత్రం చేశారు. ఇది మింగుడుపడని నిర్ణయం, వెనక్కి తీసుకోవాలి. కాకతీయ విశ్వవిద్యాలయం ఆ సంస్థతో చేతులు కలిపి సహాయ విధానంపై పీజీ కోర్సు పెట్టాలి. అందులో పాఠం చెప్పేవారిలో సీఆర్పీలు ఉండాలి, ములుకనూరులో 1956 నుంచి సహకార సంఘాన్ని నిలబెట్టుకొస్తున్న రైతులూ ఉండాలి. సెర్ప్ తన సీఆర్పీల అనుభవాన్ని ధ్రువీకరించి, దాన్ని ఉద్యోగ అర్హతగా గుర్తించేలా కేంద్రాన్ని ఒప్పించాలి. విదేశాంగ శాఖ తన అభివృద్ధి విభాగంలో దౌత్యాధికారులతో పాటు క్షేత్రానుభవం ఉన్నవారికి శాశ్వత పోస్టులు సృష్టించాలి. వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న మన ఎంపీలు వచ్చే బడ్జెట్ సమావేశాల్లో విదేశాంగ శాఖ మంత్రిని లిఖితపూర్వకంగా అడగాలి: ఆ విభాగంలో పనిచేస్తున్నవారిలో ఒక మండలంలోనైనా మూడేళ్లు పనిచేసినవారు ఎందరు?