పాంగాంగ్ ఒడ్డున వేడినీళ్ల లెక్క

"ఏమండీ, ఎదురుగా అన్ని నీళ్లు పెట్టుకుని మనకి ఒక్క బకెట్టే ఇస్తారేంటి?"

పక్క కాటేజీలో దిగిన విజయవాడ ఆవిడ తన భర్తను అడిగిన ప్రశ్న ఇది. ఉదయం ఏడింటికి, రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని, ఖాళీ మగ్గుతో గుమ్మంలో నిలబడి అడిగారు. ఎదురుగా లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు. కంటికి ఆనినంత దూరం నీలం. ఆయన దగ్గర జవాబు లేదు. రాత్రంతా నిద్ర పట్టనివ్వని తలనొప్పి మాత్రం ఉంది.

మేం దిగింది 'లేక్ వ్యూ లగ్జరీ కాటేజ్'. రాత్రికి 14 వేలు. చెక్క నేల, అద్దాల గోడ, మంచం మీద తెల్లటి దుప్పట్లు, బాత్రూంలో ఇత్తడి షవర్. ఆ షవర్ పక్కనే ఒక కాగితం అంటించి ఉంది: వేడినీళ్లు ఉదయం 7 నుంచి 9 వరకు, గదికి ఒక బకెట్. షవర్ తిప్పితే గాలి వచ్చింది. మొదట నాకూ కోపమే వచ్చింది. డబ్బు కట్టినవాడికి వచ్చే మామూలు కోపం. రెండు రోజులు అక్కడ ఉన్నాక ఆ కోపం దిశ మారింది.

ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఏమిటంటే, పాంగాంగ్ నీళ్లు ఉప్పన. సుమారు 134 కిలోమీటర్ల పొడవున్న ఈ సరస్సులోకి నీరు వచ్చే దారులున్నాయి గానీ బయటికి పోయే దారి లేదు. వచ్చింది వచ్చినట్టు ఎండకి ఆవిరైపోతుంది, ఉప్పు సరస్సులోనే మిగులుతుంది. సరస్సులో మూడింట ఒక వంతే మన చేతిలో ఉంది, మిగతాది టిబెట్ వైపు. మనకు దక్కిన పడమటి కొసలోనే ఉప్పు ఎక్కువ. కాబట్టి తాగడానికి, వండడానికి, స్నానానికి, దుప్పట్లు ఉతకడానికి కూడా వెనక కొండ మీద మంచు కరిగి వచ్చే సన్నటి వాగే దిక్కు. పొద్దున ఎండ పడి మంచు కరగడం మొదలైతే గానీ ఆ వాగుకి ప్రాణం రాదు. మనకి స్నానం గుర్తొచ్చేది సరిగ్గా అది బక్కచిక్కి ఉండే వేళకే. వానల మీద ఆశ పెట్టుకుందామా అంటే లద్దాఖ్ ప్రధాన పట్టణం లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో గట్టి వాన పడితే ఒక్క రోజులో అంత పడిన సందర్భాలున్నాయి.

ఆ వాగు కింద పొలాలున్నాయి. స్పాంగ్‌మిక్, మాన్, మెరాక్ గ్రామాల్లో, దాదాపు 14 వేల అడుగుల ఎత్తున, బార్లీ, బఠాణీ పండిస్తారు. లద్దాఖ్ పల్లెల్లో ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషిని చుర్పోన్ అంటారు. మన తెలంగాణ పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడే, అచ్చం అలాంటివాడు. రాత్రిపూట పారే నీళ్లు వృథా పోకుండా పట్టి ఉంచే చిన్న గుంటను జింగ్ అంటారు. బొట్టు బొట్టుకీ వంతులు వేసుకుని తరాలుగా బతికిన ఊళ్లలోకి మనం ఇత్తడి షవర్ తీసుకెళ్లాం. దానికి చుర్పోన్ దగ్గర వంతు లేదు. పైపు మాత్రం ఉంది.

కొండల్లో లగ్జరీ అన్న మాటకి మనం చెప్పుకునే అర్థంలోనే అసలు చిక్కు ఉంది. బంజారాహిల్స్‌లో దొరికే సౌకర్యాన్ని 14 వేల అడుగుల పైకి మోసుకెళ్లి పరచడమే లగ్జరీ అనుకుంటున్నాం. తెల్ల దుప్పటి సంగతే చూడండి. రోజూ మార్చాలి, అంటే రోజూ ఉతకాలి. గీజర్‌కి కరెంటు కావాలి. మా కాటేజీ వెనక డీజిల్ జనరేటర్ రాత్రి పదకొండు దాకా మోగుతూనే ఉంది. బ్రోషర్‌లో రాసిన 'హిమాలయ నిశ్శబ్దం' ఆ తర్వాతే మొదలైంది.

ఇక టాయిలెట్. మన వాళ్లు వ్యాసాల్లో ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతారు గానీ, సంగతంతా ఇక్కడే ఉంది. లద్దాఖీ ఇళ్లలో పాతకాలం నుంచి ఉన్నది నీళ్లు లేని మరుగుదొడ్డి. పై అంతస్తు గదిలో నేలకి ఒక రంధ్రం, పక్కన మట్టి కుప్ప, ఒక పార. పని కాగానే రెండు పారలు మట్టి వేస్తారు. కింద గదిలో అది ఎరువవుతుంది, ఆ ఎరువు పొలానికి చేరుతుంది. నీటి చుక్క అక్కర్లేదు, వాసన కూడా పెద్దగా ఉండదు. మనం వెళ్లి ఫ్లష్ కావాలన్నాం. ఒక్కసారి మీట నొక్కితే ఆరు లీటర్లో పది లీటర్లో పోతాయి. పోయేది సెప్టిక్ ట్యాంక్‌లోకి. మన ఊళ్లో వేడికి ట్యాంక్‌లోని సూక్ష్మజీవులు పని చేసుకుపోతాయి, ఆ చలిలో వాటికీ బద్ధకమే. అక్కడి నేలంతా ఇసుక, గులకరాళ్లు. కుళ్లని నీరు కిందికి దిగితే ఆపేదేమీ లేదు. పల్లంలో ఉన్నది సరస్సు. అందులోంచి బయటికి దారి లేదని ముందే చెప్పుకున్నాం.

లగ్జరీ లాడ్జీల తరఫున వినిపించే వాదన ఒకటుంది. ఎక్కువ ధర పెడితే తక్కువ మంది వస్తారు, కొండ మీద భారం తగ్గుతుంది, ఊరికి ఆదాయం వస్తుంది అని. వినడానికి బాగుంది. భూటాన్ చేసింది అలాంటిదే. మనవాళ్లకు రేటు వేరు గానీ, విదేశీ పర్యాటకుడు రాత్రికి 100 డాలర్ల రుసుము హోటల్ బిల్లుతో సంబంధం లేకుండా ప్రభుత్వానికి కట్టాలి. 2022లో దాన్ని 200 డాలర్లకు పెంచి, మరుసటి ఏడాది సగానికి తగ్గించారు. మరి పాంగాంగ్ దగ్గర? ధర పెరిగింది, జనం తగ్గలేదు. 1974లో లద్దాఖ్ తలుపులు తెరిచినప్పుడు ఆ ఏడాది వచ్చిన పర్యాటకులు 527 మంది. 2022లో 5 లక్షలు దాటారు. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనాభా 2.74 లక్షలే. 2009లో వచ్చిన హిందీ సినిమా 'త్రీ ఇడియట్స్' క్లైమాక్స్ ఇక్కడ తీశాక సరస్సుకి పట్టిన జాతర ఇంకా వదల్లేదు. ఆ సినిమా పేరుతో పసుపు స్కూటర్, రంగు స్టూళ్లు పెట్టి ఫొటోకి డబ్బులు తీసుకుంటున్నారు. 2022లో ఒకరు ఏకంగా ఖరీదైన కారునే సరస్సు నీళ్లలోకి తోలి వీడియో తీయించుకున్నారు. మా కిటికీ నుంచి చూస్తే ఒడ్డు పొడుగునా టెంట్లు, కాటేజీలు పెళ్లి పందిట్లో కుర్చీల్లా వరసగా ఉన్నాయి. ఇలాంటి చోట లగ్జరీ అనేది బిల్లులో అంకె, అంతే.

పక్క కాటేజీ ఆయన తలనొప్పి గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. హైదరాబాద్‌లో పొద్దున విమానం ఎక్కితే ఢిల్లీ మీదుగా 11,500 అడుగుల లేహ్‌లో దిగుతాం. కనీసం 48 గంటలు కదలకుండా ఉండమని డాక్టర్లు చెబుతారు. ఐదు రోజుల ప్యాకేజీలో ఆ తీరిక ఎక్కడిది? 17 వేల అడుగులు దాటిన చాంగ్‌లా కనుమ ఎక్కి దిగి సరస్సు చేరేసరికి గాలిలో అందే ఆక్సిజన్ మన సముద్ర తీరంతో పోలిస్తే 60 శాతం. వాళ్ల టూర్ ఏజెంట్ ఆ ముక్క చెప్పనే లేదట. 'లగ్జరీ' అని ఉంది కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారనుకున్నాం అన్నారాయన.

మర్నాడు సాయంత్రం కాస్త దూరం నడిచి వెళ్తే నీటి అంచున రెండు పక్షులు కనిపించాయి, బంగారు రంగు ఒళ్లు, లేత తల. జక్కవలు. మన కావ్యాల నిండా రాత్రి విడిపోయి ఏడ్చే ఆ జంటే. మన దేశంలో అవి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేది ఇలాంటి ఎత్తైన సరస్సుల దగ్గరే. చలికాలం మన వైపు చెరువులకు దిగి వస్తాయి. ఒడ్డున నడిచే చోటు లేకుండా టెంట్లు దిగితే వాటి గూళ్లకి మిగిలేదెంత?

ఈ భూమి ఎవరిదన్న ప్రశ్న ఇప్పుడు లద్దాఖ్‌లో రాజుకుంటోంది. 2019లో కేంద్రపాలిత ప్రాంతం అయ్యాక, బయటివాళ్లు భూములు కొనకుండా ఉన్న పాత రక్షణలు పోయాయని అక్కడివాళ్ల భయం. గిరిజన ప్రాంతాలకు స్వయంపాలన ఇచ్చే రాజ్యాంగం ఆరో షెడ్యూల్ కావాలని అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో ఆ ఆందోళన హింసకు దారితీసి నలుగురు చనిపోయారు. వాళ్ల భయం మనకు అర్థం కానిదేం కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1970లోనే 1/70 చట్టం తెచ్చుకున్నాం. అయినా అరకు, లంబసింగి వైపు రిసార్టుల దగ్గర బినామీ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. చట్టం ఉన్నచోటే ఇలా ఉంటే, లేనిచోట జనం రోడ్డెక్కడంలో వింతేముంది?

లాడ్జీలన్నీ ఎత్తేయాలని నేననను. ఆ ఊళ్లకి చలికాలంలో మైనస్ 30, వేసవిలో నాలుగైదు నెలల సంపాదన. దాన్ని లాక్కోమని చెప్పడానికి 14 వేలు కట్టి పడుకున్న నాకు ఏ హక్కూ లేదు. కానీ అనుమతి ఇచ్చేటప్పుడు గదుల లెక్కతో పాటు నీళ్ల లెక్క కూడా అడగాలి. వాగులో ఊరి వంతు పోగా ఎంత మిగులుతుందో, అన్ని గదులే. ఖరీదైన కాటేజీలోనే మట్టి మరుగుదొడ్డి పెట్టి, దాన్నే గొప్పగా చూపించవచ్చు. వెచ్చటి బొంత, తుక్పా అనే వేడి నూడుల్స్ సూప్, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్, చీకట్లో చుక్కలు. అక్కడ నిజంగా సుఖమనిపించినవి ఇవే, వీటిలో దేనికీ షవర్ అక్కర్లేదు.

చివరి రోజు పొద్దున బకెట్ తెచ్చిన కుర్రాడిని వాళ్ల పొలం ఎక్కడని అడిగాను. హిందీలో మాట్లాడుతున్నాడు, ఇరవై ఏళ్లుంటాయి. పక్క కాటేజీ ఆవిడ కూడా వింటున్నారు. అతను మా కాళ్ల కింద నేల వైపు వేలు చూపించాడు.

"ఇదే సార్. బఠాణీ వేసేవాళ్లం. మూడేళ్లుగా టెంట్లే వేస్తున్నాం. ఇదే బాగుంది, డబ్బులొస్తున్నాయి."

"మరి అమ్మానాన్న ఏమన్నారు?" అని అడిగారావిడ.

"అమా-లే మాత్రం వాగు దగ్గరికి ఇంకా వెళ్తుంది," అన్నాడు వాళ్లమ్మ గురించి. "పొలం లేకపోయినా మా వంతు వచ్చినప్పుడు వెళ్లి నిలబడుతుంది."

ఆవిడ బకెట్‌లో సగం నీళ్లు నా బకెట్‌లో పోసి, మగ్గు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.