మహారాజశ్రీ రెండు గీతల వారికి

మహారాజశ్రీ రెండు గీతల వారి దివ్య సముఖమునకు,

ఉభయ కుశలోపరి. తమరు కులాసాగానే ఉన్నారని నాకు తెలుసు. మధ్యాహ్నమంతా తమరి ముఖమే చూస్తూ కూర్చున్నాను కదా. వంశం తెలుసుకుందామని చేయించుకున్న డీఎన్ఏ పరీక్ష తాలూకు ముడి డేటా ఫైలు తెరిచి, ఆరు లక్షల పైచిలుకు వరుసలు దాటుకుంటూ, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ దాకా దిగి, అందులో ఒక వంశం కొమ్మకు గుర్తు (మార్కర్) అయిన జెడ్93 ఉండాల్సిన చోటు పట్టుకున్నాను. మార్కర్ నంబరు ఉంది. క్రోమోజోమ్ పేరు ఉంది. స్థానం అంకె ఉంది. అక్షరం ఉండాల్సిన నాలుగో గడిలో మాత్రం 'చదవలేకపోయాం' అని చెప్పే తమరు హాయిగా పడుకుని ఉన్నారు: "--".

అక్కడ 'ఏ' ఉంటే నేను జెడ్93 కొమ్మ వాణ్ణి. 'జీ' ఉంటే కాదు. రెండిట్లో ఏది ఉన్నా దణ్ణం పెట్టి ఊరుకునేవాణ్ణి. ఒకే ఒక్క అక్షరం. దాని కోసం గొట్టంలో గీత దాకా ఉమ్మి, వారాల తరబడి "మీ నమూనా ప్రయోగశాలకు చేరింది" అనే మెయిల్ చూసుకుంటూ గడిపాను. "మీ తండ్రి వైపు వంశం కథ మీ చేతుల్లో" అని కంపెనీ వాళ్లు పెద్దక్షరాల్లో మాటిచ్చారు. కథ తమరి దగ్గరికి వచ్చి ఆగింది.

అసలు గొడవ మా బాబాయి కొడుకుతో మొదలైంది. వాడు ఇంకో కంపెనీకి ఉమ్మి పంపాడు. వాడికి హాప్లోగ్రూపు, అంటే తండ్రి వైపు వంశం కొమ్మ, ఆర్-ఎల్657 అని వచ్చింది. నాకు ఆర్-ఎం417. రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి ఫ్యామిలీ గ్రూపులో వేశాడు. కింద ఒక్కటే ముక్క: "అన్నయ్యా, మనకి మ్యాచ్ కాలేదేంటి?"

తర్వాత ఒక పావుగంట గ్రూపులో చడీచప్పుడూ లేదు. మా పిన్ని గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఎమోజీ ఒకటి వదిలింది. "ఇలాంటివి చేయించుకోవద్దురా అని నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నా" అంది మేనత్త. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ అందరి బుర్రల్లోనూ మెదిలింది మా నాన్నమ్మే. నిప్పులాంటి మనిషి. ఆవిడ పోయిన ఇన్నేళ్లకు, ఆవిడ కన్న ఇద్దరు కొడుకులకూ తండ్రి ఒకరేనా అని లెక్కలు మొదలయ్యాయి. కారణం ఎవరయ్యా అంటే, తమరు.

అయ్యా, ఎల్657 అనేది జెడ్93 లోపలి కొమ్మ. జెడ్93 ఎం417 లోపలిది. అంటే ఎల్657 ఉన్న ప్రతి మగవాడూ ఎం417 వాడే. మా వాడికి వచ్చినదానికీ నాకు వచ్చినదానికీ పిసరంత వైరుధ్యం లేదు. ఒకే మనిషి అడ్రసు అడిగితే ఒకరు జిల్లా పేరు చెప్పి ఊరుకున్నారు, ఇంకొకరు ఇంటి నంబరు దాకా చెప్పారు, అంతే తేడా. ఇది మేనత్తకు వాయిస్ మెసేజ్‌లో చెప్పి చూశాను. "సర్లే నాన్నా, భోంచేశావా?" అని అడిగింది.

మీరు ఎందుకు పుడతారో నాకు తెలియదనుకోకండి. ప్రయోగశాలలో డీఎన్ఏ చదివే చిప్ మీద ఒక్కో స్థానానికీ ఒక్కో ప్రోబ్, అంటే దానికి సరిపడే చిన్న డీఎన్ఏ ముక్క, ఉంటుంది. డీఎన్ఏ దానికి అతుక్కుంటే రంగు వెలుగుతుంది. ఆ వెలుగు ఏ గుంపులో పడిందో చూసి సాఫ్ట్‌వేర్ అక్షరం నిర్ణయిస్తుంది. ఎటూ కాకుండా మధ్యలో పడితే, లేదా మరీ మసగ్గా ఉంటే, తప్పు అక్షరం రాసే బదులు మిమ్మల్ని కూర్చోబెడుతుంది. ఒప్పుకుంటాను, పద్ధతే. పైగా చిప్ చదివేది వై క్రోమోజోమ్ మొత్తాన్ని కాదు, ఎంచుకున్న కొన్ని వేల చోట్లను మాత్రమే. వై క్రోమోజోమ్‌లో ఆరు కోట్ల ఇరవై నాలుగు లక్షల పైచిలుకు అక్షరాలున్నాయి. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఖాళీ లేకుండా చదవడం శాస్త్రవేత్తలకే 2023లో గానీ కుదరలేదు. నాకు మొత్తం వద్దు బాబూ. ఒక్క అక్షరం చాలు.

అది కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు. మీరు ఎం417కి పై మెట్టు మీదున్న ఎం198 అనే మార్కర్ దగ్గర కూర్చుని ఉంటే నేను చూసీచూడనట్టు పోయేవాణ్ణి. అదే మెట్టు మీద ఎం17 ఉంది, ఎం512 ఉంది, ఒకటి పోతే ఇంకొకటి సాక్ష్యం చెబుతుంది. అక్కడ ముగ్గురూ చక్కగా అక్షరాలతో వెలిగిపోతున్నారు. అక్కర్లేని చోట ముగ్గురు సాక్షులు! ఎం417 దగ్గర కొమ్మలు చీలడం మొదలైంది సుమారు 5,800 ఏళ్ల కిందటని అంచనా. అందులో జెడ్282 ఎక్కువగా యూరప్‌లో, జెడ్93 ఎక్కువగా మధ్య, దక్షిణ ఆసియాల్లో కనిపిస్తాయి. మా వంశం ఎటు తిరిగిందో తేలాల్సిన సరిగ్గా ఆ మలుపులో నువ్వు అడ్డంగా పడుకున్నావు. పోనీ దిగువన ఎల్657 చదివి పైదాన్ని ఊహించుకుందామంటే ఆ వరుసే మా ఫైల్లో లేదు. కింది కొమ్మ ఉంటే పై కొమ్మ ఉన్నట్టే కదా అనే ఆ చిన్న దారి కూడా మూసేశారు.

ఇంతా చేసి నివేదికలో నీ ఊసే లేదు! ఆర్-ఎం417 అని లావుపాటి అక్షరాలు, పక్కన గుర్రం బొమ్మ, కింద ఒక మ్యాపు, మ్యాపు మీద గడ్డి మైదానాల మీదుగా దూసుకుపోతున్న ఒక బాణం. బాణం ఎంత ధీమాగా ఉందో! దాని ములుకు దగ్గర ఏం జరిగిందో ఎవరికీ తెలియదన్న సంగతి ఆ పేజీలో ఎక్కడా లేదు. చదివిన వాడు ఏమనుకుంటాడు? ఎం417 దాకా వచ్చింది, కింది కొమ్మలన్నీ పరీక్షించారు, ఏదీ కాదని తేలింది, అందుకే ఇక్కడ ఆగింది అనుకుంటాడు. మా పిన్ని అదే అనుకుంది. చూసి లేదనడం వేరు, చూడకుండా ఊరుకోవడం వేరు. ఈ రెండిటినీ ఒకే అక్షరాల సైజులో అచ్చేసిన వాణ్ణి ఏమనాలి?

కస్టమర్ కేర్‌కి రాశాను. "మీ హాప్లోగ్రూపు మా ప్రమాణాల ప్రకారం సరిగ్గానే నిర్ణయించబడింది" అని జవాబు వచ్చింది. సరిగ్గా లేదని నేనెప్పుడన్నాను?

మిగతా బాధలు కూడా ఉన్నాయి, వాటికి నువ్వు బాధ్యుడివి కావులే. వంశవృక్షం పట్టికలో స్థానాల అంకెలు జీనోమ్ మ్యాపు 38వ కూర్పు (బిల్డ్) ప్రకారం, నా ఫైల్లో 37వ బిల్డ్ ప్రకారం, కాబట్టి మొదటి గంటంతా లేని అంకె కోసం వెతకడంతోనే సరిపోయింది. పేర్ల సంగతి సరేసరి. ఎం269 అనే ఒక్క కొమ్మ ఒకప్పుడు ఆర్1బీ1సీ, తర్వాత ఆర్1బీ1బీ2, ఆ తర్వాత ఆర్1బీ1ఏ2. మార్కర్ మారలేదు, మనుషులు మారలేదు, చెట్టులో కొత్త కొమ్మ పెట్టినప్పుడల్లా అందరికీ కొత్త నామకరణం. ఇక గొప్పలు. 2011లో స్విట్జర్లాండ్ కంపెనీ ఒకటి, టీవీ డాక్యుమెంటరీలో తెర మీద కాసేపు కనిపించిన అంకెలు చూసి ప్రాచీన ఈజిప్టు రాజు (ఫారో) టూటన్‌ఖామెన్‌ది ఆర్1బీ అని ప్రకటించి, ఫారో చుట్టాలు రండి అంటూ కిట్లు అమ్ముకుంది. మమ్మీల మీద అసలు పరిశోధన చేసినవాళ్లు మొత్తుకున్నా ఎవరు వింటారు? ఆసియాలో ఒక పెద్ద ప్రాంతంలో దాదాపు 8 శాతం మగవాళ్లలో ఒకే వంశం గుర్తు ఉందని 2003లో ఒక పరిశోధన వస్తే, అందరూ చెంగిజ్ ఖాన్ వారసులైపోయారు. ఆయన డీఎన్ఏ ఎవరి దగ్గరా లేదు. అయినా పది తరాలు వెనక్కి వెళ్తే ఒక్కో మనిషికి 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. వై క్రోమోజోమ్ చెప్పేది అందులో ఒక్కడి గురించి. మిగతా 1,023 మందిలో మా నాన్నమ్మ వైపు వాళ్లంతా ఉన్నారు. వాళ్లకి గుర్రం బొమ్మ వేసే దిక్కులేదు.

సరే, మళ్లీ నీ దగ్గరికే వస్తాను. కోపంలో ఇన్ని మాటలన్నాను గానీ, ఈ వ్యవహారం మొత్తంలో అబద్ధమాడనిది నువ్వొక్కడివే. మా వాడు ఒక చిట్కా చెప్పాడు: ఫైలు ఇంకో చోటకి ఎక్కిస్తే ఖాళీ గడుల్లో అంచనా అక్షరాలు నింపి ఇస్తారట. చుట్టుపక్కల అక్షరాలను బట్టి లెక్కగట్టి, ఫలానాది ఉండొచ్చని వేస్తారు. ఆరోగ్యం పరిశోధనల్లో ఆ పద్ధతికి విలువ ఉండొచ్చు. మా నాన్నమ్మ విషయంలో నాకు 'ఉండొచ్చు' వద్దు. నీ రెండు గీతలే నయం. చదవలేకపోయావు, చదవలేదని ఫైల్లో రాసుకున్నావు. దాన్ని నివేదికలోకి రానివ్వకుండా బాణం కింద కప్పెట్టింది నువ్వు కాదు.

జెడ్93 ఒక్కదానికి విడిగా పరీక్ష చేయమని ఇంకో చోట మళ్లీ నమూనా ఇచ్చాను. ఈలోగా నా నివేదిక ప్రింట్ తీసి, ఆ గుర్రం పక్కన పెన్నుతో నేనే రాశాను: "జెడ్93: చదవలేకపోయాం. ఇంతవరకే తెలుసు." ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. ఆ ఒక్క లైను కంపెనీ వాళ్లే వేసుంటే వాళ్ల సొమ్మేం పోయేది? ఇక మీదట కూడా వేసేది లేదని మొండికేస్తే, ఒక పని చేయమను. మా మేనత్త నంబరిస్తాను, వాళ్లే ఫోన్ చేసి చెప్పుకోమను.

ఇట్లు,
మా నాన్నమ్మ పెద్ద మనవడు