కెమెరా పెడితే ఏడిపించడం ఆగదండీ
స్పెషల్ నీడ్స్ పిల్లల్ని తోటివాళ్లు ఏడిపించకుండా ప్రతి క్లాసులో సీసీ కెమెరా పెట్టాలని ఒకరు రాశారు. పిల్లలు ఏడిపించే తీరు కెమెరాకి ఎక్కడ తెలుస్తుందండీ! గుంటూరులో మా అక్క కొడుకు ఏడో క్లాసు, చెవికి మిషన్ పెట్టుకుంటాడు. వెనక బెంచీవాళ్లు శబ్దం రాకుండా ఉత్తినే పెదాలు ఆడిస్తారు, వీడేమో మిషన్ పాడైందనుకుని కంగారుగా చెవి దగ్గర తడుముకుంటుంటే పడీపడీ నవ్వుతారు. టీచర్‌కి చెబితే "పిల్లలన్నాక మామూలే, మీవాణ్ణే కాస్త సర్దుకోమనండి" అన్నారట, వింటేనే ఒళ్లు మండిపోయింది. వాడెందుకు సర్దుకోవాలి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చూడండి, ప్రభుత్వ గుర్తింపున్న స్కూలు ఏదైనా సరే వివక్ష లేకుండా చేర్చుకుని ఆ పిల్లల అవసరానికి తగ్గట్టు తానే ఏర్పాట్లు చేయాలి.

క్లాసులోకంటే అసలు గొడవ ఎక్కువగా ఇంటర్వెల్లో, కుళాయిల దగ్గర, ఆటో కోసం నిలబడ్డప్పుడే. అక్కడ ఒక టీచర్ నిలబడితే సగం తగ్గుతుంది. మన దగ్గర ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకి చెప్పే ప్రత్యేక టీచర్లు ఉన్నారు, వాళ్లని పిలిపించి మిగతా పిల్లలతో ఒక గంట మాట్లాడించమని హెడ్మాస్టర్‌ని అడగండి. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి. అప్పటికీ పట్టించుకోకపోతే 1098కి ఫోన్ చేయండి, పిల్లల కోసమే ఉన్న నంబరు అది.